నీళ్ళ సీను

పోస్టరు వెనక పూసిన మైదా జిగురు ఇంకా ఆరకముందే శౌరమ్మ ఆ వార్త మోసుకొచ్చింది. గుణదల కొండ కింద ఆ సందులో ఏ సంగతైనా ముందు శౌరమ్మకి తెలియాలి, ఆ తర్వాతే అది జరగాలి. ఆవిడ పెత్తనం అలాంటిది.

"ఏమే అమలా! మీ ఆయన వేషం కట్టిన యుద్ధం సినిమా వచ్చిందంట. రేపే మొదటాట. పోస్టరంతా చూశాను, మీ ఆయన బొమ్మ మాత్రం ఎక్కడా అవుపళ్ళేదే!"

అమలమ్మ కొవ్వొత్తుల అచ్చుల్లోకి వత్తి దారం ఎక్కిస్తోంది. దారం కొసని పెదాలతో తడిపి, మెలిపెట్టి, రేకు గొట్టంలోంచి లాగి, అవతల ముడి వేసింది. ముడి పడ్డాక గాని తల ఎత్తలేదు.

"పోస్టరు మీద హీరో బొమ్మ వేస్తారు గాని సిపాయిలందరి బొమ్మలూ వేస్తారా శౌరమ్మక్కా?"

"అదీ నిజమేలే," అంది శౌరమ్మ.

ఆ 'లే' అనే మాటలో ఉంది మంటంతా. అమలమ్మ భర్త సంజీవరావు బంగ్లాదేశ్ యుద్ధం నుంచి ఒక కాలితో తిరిగొచ్చి రెండేళ్ళు దాటింది. కాలు ఎలా పోయిందో అతను చెప్పలేదు. చెప్పని చోట ఊరుకోవడం ఆ సందుకి చేతకాదు. మిలిటరీ లారీ తిరగబడి పోయిందని, యుద్ధంలో కాదని ఒక కథ పుట్టింది. ఆ కథకి కన్నతల్లి శౌరమ్మే. ఆవిడ తమ్ముడు లారీ డ్రైవరు కాబట్టి లారీల సంగతి ఆవిడకి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది! అమలమ్మ కుళాయి దగ్గర బిందె పెట్టిన ప్రతిసారీ ఆ లారీ ఆమె మీదుగా వెళ్తూనే ఉంది. గట్టిగా కాదనడానికి ఆమెకైనా నిజం తెలియాలి కదా. తెలియదు. భార్యకే తెలియదు.

శౌరమ్మ వెళ్ళాక అమలమ్మ లోపలికి తిరిగి చూసింది. సంజీవరావు కిరసనాయిలు స్టవ్వు ముందు, సగం కాలు చాపుకుని కూర్చుని మైనం కాస్తున్నాడు. మైనం మరీ కాగితే కొవ్వొత్తి పగులుతుంది, కాగకపోతే అచ్చులో సగం దూరం వెళ్ళి గడ్డకడుతుంది. అతను డబ్బాని గుడ్డతో పట్టుకుని సన్నటి ధారగా పోశాడు. బుడగలు పోవడానికి అచ్చుని వేలితో నెమ్మదిగా తట్టాడు. తర్వాత దాన్ని నీళ్ళ తొట్టిలో దించాడు.

"శనివారం మ్యాట్నీకి పోదాం," అన్నాడు.

అమలమ్మ చేతిలో దారం జారిపోయింది. కొండమీద మేరీమాత ఉత్సవానికి ఇల్లు దాటని మనిషి, బావమరిది పెళ్ళికే రాని మనిషి, సినిమాకి పోదామంటున్నాడు!

"శౌరమ్మని కూడా రమ్మను. వాళ్ళాయన అంతోనిని కూడా."

"వాళ్ళెందుకయ్యా?"

"చూడనీ. అందరూ చూడనీ."

"ఇంతకీ నీ వేషం ఏంది? ఇప్పుడైనా చెప్పరాదూ?"

కిందటి చలికాలం గన్నవరం దగ్గర కోతలైన పొలాల్లో ఆ సినిమా తీశారు. కూలికి వచ్చిన కుర్రాళ్ళకి కవాతు నేర్పడానికి, తుపాకి పట్టడం నేర్పడానికి మాజీ సైనికులు కావాలంటే సంజీవరావు వెళ్ళాడు. వెళ్ళినవాడు కవాతు నేర్పి ఊరుకోలేదు, వేషం కూడా వేశానని చెప్పాడు. అంతకు మించి ఒక్క ముక్క రాల్చలేదు.

"చూస్తావుగా. అదంతా అందులో ఉంది," అన్నాడు.

"ఏదంతా?"

అతను గడ్డంతో తన సగం కాలిని చూపించి, మళ్ళీ స్టవ్వు వైపు తిరిగాడు.

అమలమ్మ రెండేళ్ళుగా అడిగి అడిగి విసిగిపోయిన మాట, సినిమాహాల్లో తెర మీద వస్తుందన్నమాట. వస్తే రానీ. సందంతా కూర్చుని చూస్తుంది. ఆ లారీ ఇంక ఏ రోడ్డున పోతుందో ఆమె కూడా చూస్తుంది.

ఆ మధ్యాహ్నం భోంచేసి అతను వసారాలో చాప మీద పడుకున్నాడు. కాసేపటికి ఎప్పటిలాగే అతని కుడి అరచెయ్యి నేలని తట్టడం మొదలుపెట్టింది. ఒక దెబ్బ, కొంచెం ఆగి ఇంకో దెబ్బ. నిద్రలోనే. తెగిన కాలు సలుపుతోందని అమలమ్మ అనుకునేది. మిలిటరీ ఆస్పత్రి నుంచి వచ్చిన మొదటి రోజు నుంచి ఇంతే. ఆమె పని వదిలి వచ్చి, పక్కన కూర్చుని, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఒత్తి పట్టుకుంది. చెయ్యి కాసేపు గింజుకుని ఊరుకుంది.

శనివారం అన్నం పెందలాడే అయింది. సంజీవరావు మంచం అంచున కూర్చున్నాడు. అమలమ్మ తెగిన చోట పౌడరు రాసి, మేజోడు తొడిగి, పూనా మిలిటరీ ఆస్పత్రిలో ఇచ్చిన కొయ్యకాలు ఎక్కించి తోలు పట్టీలు బిగించింది. మోకాలి కింద శనగబద్దంత పుట్టుమచ్చ, దాని కింద చర్మం మడిచి కుట్టిన గీత. ఆ కాలి గురించి ఊరికి ఏం తెలుసు? దాన్ని రోజూ కడిగి తుడిచేది ఆమె. బిగించేటప్పుడు నొప్పి పెడితే అతను మూలిగేవాడు. ఇవాళ మూలగలేదు. ఎటో చూస్తూ, చిన్నగా నవ్వుకుంటున్నాడు కూడా. పెళ్ళిచూపులకి బయల్దేరిన కుర్రాడిలా ఉన్నావయ్యా అని ఆమె వేళాకోళం చేస్తే, సిగ్గుపడ్డాడు!

జక్కయ్య రిక్షాలో వాళ్ళిద్దరూ, వెనక ఇంకో రిక్షాలో శౌరమ్మ, అంతోని బయల్దేరారు. హాలు ముందు జనం తిరునాళ్ళలా ఉన్నారు. హీరో కటౌటుకి నిలువెత్తు పూలదండ. అంతోని, సంజీవరావు మగవాళ్ళ వైపు వెళ్ళారు. అమలమ్మ, శౌరమ్మ ఆడవాళ్ళ బెంచీల మీద సర్దుకున్నారు. వెళ్ళేముందు సంజీవరావు ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"ఇంటర్వెల్లుకి కొంచెం ముందు వస్తది. రెప్ప వెయ్యకు," అన్నాడు.

సినిమా మొదలైంది. హీరో సెలవు మీద వచ్చాడు, పాట పాడాడు, పెళ్ళాడాడు, తాళికట్టిన మర్నాడే యుద్ధానికి పోయాడు. హీరోయిన్ ఏడ్చింది, ఆడవాళ్ళ బెంచీలన్నీ ఏడ్చాయి. శౌరమ్మ ముక్కు చీదుకుని, "పాపం, కొత్త పెళ్ళికూతురే," అంది. అమలమ్మకి ఆ ఏడుపులేవీ పట్టలేదు. ఆమె కళ్ళు సిపాయిల మొహాల మీదే. మన సైన్యం కవాతు చేస్తుంటే వరస వరసా వెతికింది. గుడారాల ముందు చపాతీలు తింటుంటే వెతికింది. తుపాకులు పేలుతుంటే కిందపడ్డ ప్రతివాడి మొహమూ చూసింది. ఒక్కడూ సంజీవరావు కాడు.

"ఏడే మీ ఆయన?"

"వస్తాడక్కా. ఇంటర్వెల్లు ముందంట."

అప్పుడొచ్చింది కోసిన పొలం. గన్నవరం పొలమే, ఆమె గుర్తుపట్టింది. గడ్డం మాసిన శత్రు సైనికుడొకడు చేతిబాంబు విసిరి మన కుర్రాణ్ణి చంపాడు. హాలంతా బూతులు. హీరో పళ్ళు కొరికాడు. శత్రువు పారిపోతూ మోళ్ళ మధ్య అడుగు వేశాడు. నేల లేచింది. పొగ తొలగింది. ఆ గడ్డంవాడు వెల్లకిలా పడి ఉన్నాడు. ఒక కాలు మోకాలి కింద సగంలో తెగిపోయి ఉంది.

హాలు ఊగిపోయింది. ఈలలు, కేకలు. ముందు బెంచీలవాళ్ళు విసిరిన చిల్లర తెరకి తగిలి గలగలా రాలింది. "చావరా సచ్చినోడా!" అని శౌరమ్మ లేచి చప్పట్లు కొట్టింది. అమలమ్మ కూడా కొట్టింది. మన కుర్రాణ్ణి చంపినవాడికి తగిన శాస్తి అయిందని ఒంట్లో రక్తం వేడెక్కి, మనస్ఫూర్తిగా, అరచేతులు మండేలా కొట్టింది.

తెర మీద ఆ గడ్డంవాడు కుడిచేత్తో నేలని తట్టాడు. ఒక దెబ్బ. కొంచెం ఆగి, ఇంకో దెబ్బ.

ఆమె చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

కెమెరా తెగిన కాలి దగ్గరికి వచ్చింది. ఎర్రరంగు పూసిన మోకాలి కింద, తెరంత కాలి మీద, గుమ్మడికాయంత పుట్టుమచ్చ. మగవాళ్ళ వైపు నుంచి ఎవడో, "చేపలా కొట్టుకుంటన్నాడ్రా!" అని అరిచాడు. హాలంతా గొల్లుమంది. అమలమ్మ కళ్ళముందు, ఇంతమంది నవ్వుతుండగా, ఆమె మొగుడు దుమ్ములో పడి నేలని తడుతున్నాడు. తను దానికి చప్పట్లు కొట్టింది.

హీరో నడిచొచ్చాడు. నడుముకున్న నీళ్ళ బాటిలు తీసి మూత తిప్పాడు. బాటిలెత్తి, తనే గటగటా తాగి, మూతి తుడుచుకుని ఆకాశం వంక చూశాడు. జెండా ఎగిరింది. ఈలలు మిన్నంటాయి. ఆ వెలుగులో అటువైపు బెంచీల మధ్య ఒక మనిషి లేచి నిలబడి ఉండటం అమలమ్మ చూసింది. వెనకవాళ్ళు, "కూర్చోవయ్యా! తెర కనపళ్ళా!" అని అరుస్తున్నారు. సంజీవరావు కూర్చోలేదు. లైట్లు వెలిగేదాకా అలాగే నిలబడ్డాడు.

"ఏడీ? రాలేదుగా?" అంది శౌరమ్మ, పక్కకి తిరిగి. గుర్తుపట్టలేదు. ఎలా గుర్తుపడుతుంది? పెట్టుడు గడ్డం, మొహం నిండా మట్టి.

"తల నెప్పిగా ఉందక్కా. నేను పోతా," అని అమలమ్మ లేచింది.

సంజీవరావు కూడా అప్పటికే బయటికి వచ్చేశాడు. జక్కయ్య గేటు దగ్గర రిక్షాలోనే కునుకు తీస్తున్నాడు. సగం సినిమాకే వచ్చేశారేమని అడగబోయి, వాళ్ళ మొహాలు చూసి అడగకుండా తొక్కడం మొదలుపెట్టాడు. ఎండ చెవుల మీద కొడుతోంది. రిక్షా కాలవ వంతెన దిగింది.

"నీళ్ళు తీసేశారు," అన్నాడు సంజీవరావు.

అంతే, అమలమ్మ కట్ట తెగింది.

"ఏ నీళ్ళు? నీకింకా నీళ్ళు కావాలా? సిగ్గులేదటయ్యా! మనవాళ్ళ తరపున పోరాడి కాలు పోగొట్టుకున్నోడివి, వాళ్ళ బట్టలు తొడుక్కుంటావా? నా పక్కన కూర్చుని శౌరమ్మ నిన్ను చావమందయ్యా! నేను... నేను చప్పట్లు కొట్టాను! నీ కాలు పోతా ఉంటే చప్పట్లు కొట్టాను! ఇది చూపిస్తానికా నన్ను తీసుకుపోయింది?"

అతను ఆమె వంక చూడలేదు. ఆ మాటలు విన్నట్టే లేడు.

"తీశారు అమలా. నా కళ్ళముందే తీశారు. హీరో వచ్చి నా తల కింద చెయ్యేసి ఎత్తి, నోట్లో నీళ్ళు పోశాడు. నిజంగానే తాగాను. చల్లగా ఉన్నాయి. నీళ్ళ సీను బ్రహ్మాండంగా వచ్చిందని డైరెక్టరుగారు చప్పట్లు కొట్టాడు. అది తీసేశారు. ఆయనే తాగినట్టు పెట్టారు."

"నీకు పిచ్చి పట్టింది."

"ఆ పడ్డది నేను కాదు అమలా. వాడు."

"ఎవడు?"

జక్కయ్య రిక్షా ఆపాడు. చైను జారిందంటూ దిగి, చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. చైను జారలేదు. అమలమ్మకి అది కనిపిస్తూనే ఉంది.

"అక్కడ పొలాలు కూడా మన గన్నవరం పొలాల్లాగే ఉంటాయి," అన్నాడు సంజీవరావు. "కోసిన మోళ్ళు. మాకూ వాళ్ళకీ మధ్య ఒక పొలం. తెల్లారేసరికి వాళ్ళ సిపాయి ఒకడు మందుపాతర మీద అడుగేసి పడున్నాడు. గడ్డం కూడా రాలేదు వాడికి. మనకి గుర్తుపట్టడానికి సినిమావాళ్ళు గడ్డం పెట్టారు గాని. అరిచే ఓపిక లేదు. అరచేత్తో నేల మీద కొడతా ఉన్నాడు, అటు చూసి, ఇటు చూసి. నాలిక బయట పెట్టి చూపిస్తన్నాడు. మావాళ్ళు మొదట నవ్వారు. ఎండెక్కేసరికి నవ్వడం మానేశారు. అటేపునించీ ఎవడూ రాలా. వాడు మాత్రం కొడతానే ఉన్నాడు."

"నువ్వు?"

"బాటిలు పట్టుకుని పాకాను."

"ఎవరు పొమ్మన్నారు?"

"ఎవరూ పొమ్మన్లా. వద్దన్నారు."

అమలమ్మ రిక్షా కమ్మీ గట్టిగా పట్టుకుంది.

"దగ్గరికి పోయాను. ఇక్కడ్నించి ఆ కాలవ గట్టంత దూరం కూడా లేదు. పాకలేక లేచి నిలబడ్డాను. అడుగేశాను." కొయ్యకాలి మీద చెయ్యి వేశాడు. "నేను పడ్డాక వాడు కొట్టడం ఆపేశాడు. నా వంకే చూస్తన్నాడు. ఆ బాటిలు మా ఇద్దరి మధ్యా పడుంది. మూత కూడా ఊడలా. మావాళ్ళు నన్ను లాక్కుపోయారు. వాడక్కడే ఉన్నాడు."

కాలవలో గొడ్లు దిగుతున్నాయి. వాటి వెనక నీళ్ళు బురదగా తిరుగుతున్నాయి.

"నాతో చెప్పి చావచ్చుగా! రెండేళ్ళు!"

"చెబితే ఏమనేదానివి?"

ఆమెకి జవాబు తెలుసు. 'వాడు చస్తే నీకేంది, నా బతుకు చూసుకోవద్దా' అనేది. ఇప్పుడూ అదే నోటిదాకా వచ్చింది. ఎవడో పరాయి దేశపువాడు, మనల్ని చంపడానికి వచ్చినవాడు. వాడికి గుక్కెడు నీళ్ళ కోసం నా మొగుడి కాలు! లారీ కింద పోయినా ఇంత కడుపుమంట ఉండేది కాదేమో.

"నోటితో చెప్పలేకపోయాను," అన్నాడు. "ఆ డైరెక్టరుగారు, కాలు ఎట్టా పోయింది బాబూ అని అడిగితే, ఏంటో, చెప్పేశాను. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇదే పెడదాం, పరిగెత్తేదానికి వేరేవాణ్ణి పెడతాం, ఆ పడ్డోడి వేషం నువ్వే కట్టు అన్నాడు. సరే అన్నాను. సినిమాలోనైనా వాడు నీళ్ళు తాగితే, నువ్వు చూస్తే..."

జక్కయ్య చేతులు లుంగీకి తుడుచుకుని, ఎవరి మొహమూ చూడకుండా సీటెక్కాడు.

ఇంటికొచ్చాక అమలమ్మ కొయ్యకాలి పట్టీలు విప్పలేదు. అతనే వంగి, తడుముకుని విప్పుకున్నాడు. పౌడరు ఒలికింది. ఆమె చూసి కూడా చీపురు తియ్యలేదు.

ఆదివారం పూజలో అమలమ్మ మోకాళ్ళ మీద ఉంది గాని ఆమె ప్రార్థన సాగలేదు. కళ్ళు మూస్తే మూత ఊడని బాటిలు కనిపిస్తోంది. వాడి మొహం ఊహించుకుందామంటే గడ్డం రాని మొహాలన్నీ సందులో రోజూ చూసే మొహాల్లాగే ఉన్నాయి. ఆమెకి వాడి మీద కోపం తగ్గలేదు. అయినా వాడు అటు చూసి ఇటు చూసి నేలని కొట్టడం ఆపడం లేదు.

యాత్రికుల సందడి తగ్గాక, కొండ కింద అమ్మగా మిగిలిన కొవ్వొత్తులు బుట్టలో పెట్టుకుని ఇంటికొచ్చింది. సంజీవరావు తిని పడుకున్నాడు. ఆమె వసారా మెట్టు మీద కూర్చుని, అచ్చుల అంచుల్లో మిగిలిన మైనం చాకుతో గీకుతోంది. శౌరమ్మ వచ్చి పక్కన చతికిలబడింది.

"తలనెప్పి తగ్గిందా? మేం ఆఖరిదాకా చూశాంలే. జెండా పడిందాకా. మీ ఆయన ఎక్కడా రాలేదే అమలా."

అమలమ్మ గీకుతూనే ఉంది.

"నేనేం అనుకోన్లే. సినిమావాళ్ళు అట్టానే ఆశపెడతారు. అసలు వేషం కట్టనిచ్చారో లేదో. పోనీ, నాకు తెలవక అడుగుతా, తోడబుట్టినదాన్ననుకుని చెప్పు. ఆ కాలు లారీ కిందే గదా పోయింది?"

ఇప్పుడు ఊ అంటే సరిపోతుంది. వేషం తీసేశారని, లారీయేనని ఒప్పుకుంటే సందు రెండు రోజులు నవ్వుకుని మరిచిపోతుంది. నిజం చెబితే మరిచిపోదు. శత్రువు వేషం కట్టినవాడని, శత్రువు కోసం పోయినవాడని రేపటి నుంచి కుళాయి దగ్గర ఏమేం అంటారో అమలమ్మకి ఇప్పుడే వినిపిస్తోంది. ఆమె చాకు కింద పెట్టింది.

"ఆయన వచ్చాడక్కా. నువ్వూ చూశావు. చావమని చప్పట్లు కొట్టావే, ఆ కాలు ఆయనదే. నేనూ కొట్టాను."

శౌరమ్మ నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆ నోట్లోంచి మాట రాకపోవడం ఆ సందు ఎన్నడూ చూడలేదు.

"నిజం కాలు ఎట్టా పోయిందన్నావు గదా. నీళ్ళు ఇయ్యబోతే పోయింది."

"నీళ్ళా? ఎవరికే?"

"దాహమైనోడికి."

"మనోడేనా?" అంది శౌరమ్మ, గొంతు తగ్గించి.

లోపల చాప మీద అరచెయ్యి నేలని తట్టడం మొదలైంది. ఒక దెబ్బ. కొంచెం ఆగి, ఇంకో దెబ్బ. అమలమ్మ లేచి లోపలికి వెళ్ళింది. రోజూ చేసినట్టు ఆ చెయ్యి పట్టుకోబోయి, ఆగిపోయింది. కుండ మూత తీసి, గ్లాసు నిండా నీళ్ళు ముంచింది. తెచ్చి, ఆ చేతికి అందే చోట నేల మీద పెట్టి, పక్కన కూర్చుంది.